ఎత్తగానే మూగబోయే ఫోను

మా వదిన చెయ్యి పడితే ఎంత మొండి చెక్కయినా నున్నగా తేలాల్సిందే. అదే చెయ్యి ఫోను మీద పడితే మాత్రం అది ఉలకదు, పలకదు. ఎందుకలాగో మాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను, తర్వాత మీరే కనిపెట్టి నవ్వుకోకుండా. నేను బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటాను. పదకొండేళ్ళయింది. నా నెత్తి మీదే ఇంత బోర్డు వేలాడుతూ ఉంటుంది, ఏ బస్సు ఎన్ని గంటలకో, ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో అందులో రాసే ఉంటుంది. అయినా కిటికీలో తల దూర్చి అదే అడుగుతారు. "పైన రాసింది చదవడానికి కళ్ళు లేవా?" అని రోజుకు పాతికసార్లయినా అరుస్తాను. ముక్కు మీద కోపమని నాకు పేరు. ఇంకా పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే, "బోర్డు చదివి వచ్చే పెళ్ళికొడుకు దొరకలేదు" అంటుంది వదిన. మేడ మీది గది నాది. కింది వాటా అన్నయ్యా వదినలది.

వదిన కొయ్య సామానుకు పాలిష్ పడుతుంది. బల్లలు, బీరువాలు, తలుపులు. పెళ్ళయి వచ్చినప్పుడు ఆమెకు ఈ పని తెలియదు. పని అన్నయ్యది. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని పనిచోటుకు వెళ్ళేది, ఆయన తినేంతసేపూ ఊరికే కూర్చోలేక ఉప్పు కాగితం ముక్క తీసుకుని ఏదో ఒక బల్ల కాలో, తలుపు పిడో రుద్దుతూ ఉండేది. ఉప్పు కాగితమంటే చెక్కను నునుపు చేసే గరుకు కాగితం. "వద్దే, చేతులు పాడైపోతాయి" అనేవాడు అన్నయ్య. "దాచుకుని ఏం చేసుకుంటానండీ?" అనేది ఈవిడ. ఆరు నెలలు తిరిగేసరికి కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి, ఎక్కడ పీచు లేచిందో చెప్పేసేది. ఏడాదికి మేస్త్రీలు అన్నయ్యను వదిలేసి ఆమెనే అడగడం మొదలుపెట్టారు. ఇదంతా ఇరవై ఏళ్ళ కిందటి మాట.

ఇరవై ఏళ్ళ ఉప్పు కాగితం, థిన్నర్, లక్క పాలిష్ కలిసి ఆమె వేళ్ళను ఏం చేశాయో మేం ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఒకసారి ఏదో గుర్తింపు కార్డు కోసం వేలిముద్ర మిషను మీద పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. "చూశావా, నేను దొంగతనం చేసినా దొరకను" అని ఇంటికొచ్చి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే కాస్త బుర్ర పెట్టి ఆలోచించి ఉంటే బాగుండేది.

అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను మసకే. కుడికన్నుతోనే నెట్టుకొచ్చాడు. రెండేళ్ళ కిందట తలుపు చెక్క చీలిక ఒకటి ఎగిరి ఆ కుడికంట్లో గుచ్చుకుంది. పుండు పడింది, మానింది, మానిన చోట తెల్లగా మచ్చ కట్టింది. వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియడు. అప్పటినుంచి ఇంటి పని, బయటి పని అన్నీ వదిన మీదే పడ్డాయి. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని రేడియో వింటాడు. వదిన పని చేసుకొచ్చిన బల్ల గురించి అడిగి అడిగి ఆమె ప్రాణం తీస్తాడు. "రెండో పూతకు ముందు ఆరనిచ్చావా?" అంటాడు. "ఆరనిచ్చానండీ, ఊది మరీ ఆరబెట్టాను" అంటుంది.

కంటి ఆసుపత్రిలో ఒక దారి చెప్పారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర ఒక్కటే పాడైందట. చనిపోయినవాళ్ళ కన్ను ఎవరైనా దానమిస్తే ఆ పొర తెచ్చి అతికిస్తారట. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ జాబితా చూసే అమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మేం ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాలండీ. అరగంట చూస్తాం. ఎత్తకపోతే తర్వాతి పేరుకు వెళ్ళిపోతాం. అది ఎక్కువసేపు ఆగేది కాదు."

ఫారంలో ఫోన్ నంబరుకు ఒకటే గడి. నా నంబరు రాద్దామంటే, డ్యూటీలో ఉన్నంతసేపూ నా ఫోను లాకర్లో ఉండాలి, అది రూలు. ఆఫీసు ల్యాండ్‌లైను రాద్దామంటే, నేను డ్యూటీ దిగాక దాన్ని ఎత్తేవాళ్ళుండరు. అందుకని వదిన నంబరే రాశాం. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. మా వైపు అలాంటి ఫోన్లకు సిగ్నలు ఆపేశారు. అందుకే కొత్త ఫోను నేనే కొనిచ్చాను, నేనే కూర్చుని అన్నీ సర్దాను. భాష తెలుగులో పెట్టాను. అక్షరాలు పెద్దవి చేశాను. సెట్టింగుల్లో వెతుకుతూ పోతుంటే ‘సంజ్ఞలు’ అన్న చోట ‘ఎత్తే సంజ్ఞ’ అని కనబడింది. వదినకు ఫోను ఎత్తడం సులువవుతుందని దాన్ని ఆన్ చేశాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మూడో రోజు వదిన అంది, "ఏంటో అమ్మాయ్, ఈ కొత్త ఫోనుకు చేసేవాళ్ళకు ఓపికుండటం లేదు. రెండు మోగుతుంది, చేతిలోకి తీసుకోగానే ఆగిపోతుంది."

"నువ్వు నెమ్మదిగా కదులుతావు వదినా. జనాలకు తొందర" అన్నాను. విచారణ కిటికీలో జవాబు చెప్పినట్టే చెప్పాను, తల కూడా ఎత్తకుండా.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

వదిన అప్పుడు ఒక పెద్ద భోజనాల బల్లకు పాలిష్ పడుతోంది. మోత వినగానే చేతిలో గుడ్డ ఉండ పడేసి, చెయ్యి తుడుచుకుని, పరుగున వెళ్ళి ఫోను ఎత్తింది. మోత ఆగిపోయింది. అయ్యో పెట్టేశారు అనుకుంది. తిరిగి చేద్దామని అద్దం మీద వేలితో జరిపింది, కదల్లేదు. ఆమె పనిలో కదలనిదాన్ని ఇంకాస్త గట్టిగా అదిమితే కదులుతుంది. అందుకని అదిమింది. అద్దం నల్లబడింది. కింద పెట్టింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఆగింది. మూడోసారి చేస్తారేమోనని ఫోను రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడింది. బల్ల మీద పూత సగంలో ఆరిపోయి మరక కట్టింది, అయినా కదల్లేదు. చివరికి ఇక ఆగలేక పక్క కొట్టుకు పరిగెత్తి కొట్టాయన చేత తిరిగి చేయించింది. అప్పటికి నలభై నిమిషాలు దాటింది.

"రెండుసార్లు చేశామమ్మా. మీరు ఎత్తలేదు" అంది ఆసుపత్రి అమ్మాయి.

"ఎత్తానండీ! రెండుసార్లూ ఎత్తాను!"

"లేదమ్మా, ఎత్తలేదు. ఇంకొకరిని పిలిచేశాం. మళ్ళీ వచ్చినప్పుడు చేస్తాం."

"నా చేత్తో ఎత్తానమ్మా, ఒట్టు" అంటూనే ఉందట వదిన, అవతల పెట్టేశాక కూడా. కొట్టాయన తర్వాత నాకు చెప్పాడు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. అన్నయ్య కుర్చీలో ఉన్నాడు. రేడియో కట్టేసి ఉంది. సంగతి విన్నాక ఒళ్ళు మండింది. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది, అదొక జబ్బు.

"పోనీలే. ఎవరికో ఒకరికి చూపు వచ్చింది కదా" అన్నాడు అన్నయ్య.

"మంచి మాటలు తర్వాత చెబుదువుగాని" అని ఆయన మీదా ఎగిరాను. ఫోను లాక్కుని, మా వీధిలో ఫోన్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి బయల్దేరాను.

ఆ మెకానిక్‌ను వీధి వీధంతా స్క్రూ అంటుంది. మాట్లాడుతున్నా సరే పంటి కింద ఒక చిన్న మర పట్టుకునే ఉంటాడు. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. పైన అతికించిన ప్లాస్టిక్ పొర పీకి పల్చటిది వేశాడు. టచ్ సున్నితత్వం పెంచాడు. ఏవో గీతలు గీసి అద్దమంతా పరీక్ష చేశాడు. అతని వేలు ఎటు పోతే గీత అటు పోయింది.

"ఫోను గుర్రంలా ఉందక్కా. దీనికే రోగమూ లేదు."

ఇంటికి తెచ్చి వదిన చేతిలో పెట్టాను. జరిపింది. కదల్లేదు. నేను జరిపాను, కదిలింది. ఆమె జరిపింది, కదల్లేదు. "నువ్వు సరిగ్గా జరపడం లేదు వదినా! అదమకు. తాకు. పైకి జరుపు. పైకి!" అని కేకలేశాను. ఆమె ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బియ్యం పొయ్యి మీద పెట్టి, పైకి, పైకి అని తనలో తాను అనుకుంటూ వేలు జరుపుతూనే ఉంది. గిన్నె కడిగిన తడి చేత్తో ఒకసారి కదిలింది. "వచ్చింది!" అని అరిచింది. చెయ్యి ఆరాక మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. కాలు గాలిన పిల్లిలా తిరిగాను. కిటికీ దగ్గరున్న ల్యాండ్‌లైను నుంచి గంటకోసారి వదినకు ఫోన్ చేసేదాన్ని, ఎత్తుతుందేమో చూద్దామని. మోగేది, మోగేది, ఆగిపోయేది. ఇప్పుడే ఆసుపత్రి వాళ్ళు చేస్తుంటే? నేను చేసిన ఫోను వల్ల వాళ్ళకు లైను దొరక్కపోతే? అని పెట్టేసేదాన్ని. అయిదు నిమిషాలకు మళ్ళీ చేసేదాన్ని. ఒక ముసలాయన ఎన్నో ప్లాట్‌ఫారం అని అడిగితే "పైకి జరపండి" అన్నాను. ఆయన భయపడి రెండడుగులు పక్కకు జరిగాడు. మా సూపర్వైజరు నన్ను పిలిచి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఇంట్లో అన్నయ్య ఒక రోజు మెల్లగా అన్నాడు, "ఎవరింట్లోనో ఏడుపు మొదలైతే గాని మన ఫోను మోగదు. అంత తొందరపడకే." ఆ మాట విన్నాక ఫోను మోగాలని కోరుకోవడానికే సిగ్గేసింది. కోరుకోకుండా ఉండటమూ నా వల్ల కాలేదు.

వదినకు పనిలో ధ్యాస తప్పింది. ఫోను నడుముకు కట్టుకుని పని చేసేది. ప్రతి పది నిమిషాలకూ తీసి చూసేది. రబ్బరు మూతి ఉన్న పెన్ను ఒకటి తెచ్చిచ్చాను. వేలికి బదులు దానితో జరపొచ్చు. రెండు రోజులు చక్కగా పనిచేసింది. మూడో రోజు థిన్నర్ తగిలి మూతి ఉబ్బి జిగురైపోయింది.

నాకు వారాంతపు సెలవు వచ్చింది. ఈసారి వదినను కూడా స్క్రూ దగ్గరికి లాక్కెళ్ళాను. "నా ఎదురుగా జరపండమ్మా" అన్నాడు. ఆమె జరిపింది. అతను ఫోను చూడటం మానేసి ఆమె వేలు చూశాడు. లైటు దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి చూశాడు.

"అమ్మా, మీ వేళ్ళకు గీతల్లేవు."

"ఎప్పుడో అరిగిపోయాయి బాబూ."

"చర్మం ఎండి కాయ కట్టేసింది. ఈ అద్దానికి మన ఒంట్లోంచి వేలి చివరకు వచ్చే సన్నటి కరెంటు తెలియాలి. మీది అందడం లేదు. చేతులు తడిగా ఉంటే కాస్త అందుతుంది. రోజూ క్రీము రాయండి, నెల రోజుల్లో మెత్తబడతాయి."

"క్రీము రాస్తే పని ఎలా చెయ్యను? జిడ్డు చెయ్యి తగిలిన చెక్క మీద పాలిష్ నిలవదు, మచ్చలు మచ్చలుగా విడిపోతుంది" అంది వదిన. తన వేళ్ళను తనే తిప్పి చూసుకుంటూ, "అంటే ఈ ఫోను లెక్కలో నేను మనిషినే కాదన్నమాట" అంది. నవ్వుతూనే అంది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వారం రోజులుగా ఆమె మీద వేసిన కేకలన్నీ నాకు గుర్తొచ్చాయి.

అంతటితో అయిపోతే బాగుండేది. స్క్రూ ఒకసారి మోగించి చూద్దామని తన ఫోను నుంచి ఈ ఫోనుకు చేశాడు. బల్ల మీద అది మోగింది. చేతిలోకి ఎత్తాడు. మోత టక్కున ఆగింది.

"చూశావా? పెట్టేశారు. ఇలాగే అవుతుంది" అంది వదిన.

"పెట్టెయ్యలేదమ్మా, చేస్తోంది నేనే కదా. ఇదిగో, కాల్ ఇంకా వస్తూనే ఉంది. మోత ఒక్కటే ఆగింది." సెట్టింగులు తెరిచి, కింద చీమల్లా ఉన్న అక్షరాలు పైకి చదివాడు. "‘ఎత్తే సంజ్ఞ. కాల్ వస్తున్నప్పుడు ఫోన్‌ను పైకి ఎత్తితే మోగడం ఆగుతుంది.’ మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఎవరు ఆన్ చేశారు?"

ఎత్తడమంటే మనకు మాట్లాడటం. ఆ ఫోనుకు ఎత్తడమంటే నోరు మూసుకోవడం. మనం ఏ మాట ఏ అర్థంలో వాడతామో దానికేం తెలుసు? తెలియాల్సింది నాకు. కిందే రాసి ఉంది. బోర్డు చదవరని లోకం మీద పడి అరిచేదాన్ని, రెండు వరసలు చదవలేకపోయాను.

"కంపెనీ వాళ్ళే పెట్టి ఉంటారు" అన్నాను.

స్క్రూ పంటి కిందున్న మర తీసి చేతిలో పెట్టుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు. ఆ సంజ్ఞ ఆఫ్ చేసి ఫోను వదిన చేతికిచ్చాడు.

దారిలో వదిన ఆ రోజు సంగతే మాట్లాడుతూ వచ్చింది. "మోత ఆగకుండా ఉంటే, మోగుతున్న ఫోను పట్టుకుని అప్పుడే పక్క కొట్టుకు పరిగెత్తేదాన్ని కదా. ఆగిపోయింది కాబట్టి పెట్టేశారనుకున్నాను." నేను ఊఁ కొట్టాను. ఇల్లు చేరేలోపు నాలుగుసార్లు చెబుదామనుకున్నాను. నాలుగుసార్లూ వేరే మాట ఎత్తాను.

ఇంట్లో అంతా విన్నాక అన్నయ్య చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా ఇవ్వు."

"మీకు కనబడదు కదండీ."

"వేలికి కళ్ళెందుకు? నువ్వు చెక్క చూసి చెప్తున్నావా, తడిమి చెప్తున్నావా?"

ఫోను ఆయన చేతికిచ్చాం. వేలు పెట్టి ఇలా అన్నాడో లేదో, అద్దం జారినట్టు కదిలింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ కదిలింది. వదిన ఆయన వేళ్ళు పట్టుకుని చూసింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె కంటే ఎక్కువ చెక్క రుద్దిన వేళ్ళు అవి. రెండేళ్ళు ఖాళీగా కూర్చునేసరికి మెత్తబడి, గీతలు కూడా తిరిగొచ్చాయి.

"పనీపాటా లేని చెయ్యి కదే. నున్నగా తయారైంది" అన్నాడు అన్నయ్య. నవ్వబోయాడు గాని రాలేదు. ఆ రెండేళ్ళలో ఆయన తన గురించి అంత మాట అనగా నేను వినలేదు.

వదిన మాత్రం ఆ మాట విననట్టే లేచి, లక్క పాలిష్ సీసా తెచ్చింది. "ఇదిగో అమ్మాయ్, ఫోన్ వచ్చినప్పుడు ఆ పచ్చ గుండ్రం ఎక్కడ కనబడుతుందో చూపించు" అంది. చూపించాను. దానికి సరిగ్గా పక్కన, ప్లాస్టిక్ పొర అంచు మీద పుల్లతో ఒక్క చుక్క పెట్టింది. ఆరాక దాని మీద ఇంకో చుక్క. మూడు పూతలు పడ్డాక గసగసంత బొడిపె తేలింది. అన్నయ్య బొటనవేలు ఆ బొడిపె మీద పెట్టి, చూపుడువేలు పక్కకు తెచ్చి, పైకి జరిపాడు. నేను నా ఫోను నుంచి చేశాను. ఎత్తాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎత్తాడు.

"హలో, విచారణా? పెళ్ళికొడుకుల బస్సు ఎన్ని గంటలకండీ?" అన్నాడు మూడోసారి. వదిన పడీ పడీ నవ్వింది. ఇక నుంచి ఫోను ఆయన దగ్గరే ఉండాలని తేలిపోయింది.

"అంతా నీ పుణ్యమేనే. నువ్వు పట్టుబట్టి తిరక్కపోతే మాకిది తెలిసేదా?" అన్నాడు అన్నయ్య.

అది విన్నాక నేనిక ఉండలేకపోయాను. "నా పుణ్యమే. ఆ ఎత్తే సంజ్ఞ ఆన్ చేసింది నేనే" అన్నాను. "కంపెనీ కాదు. నేను. కింద ఏం రాసుందో చదవలేదు. ఆ రోజు వచ్చిన కన్ను చేజారింది నా వల్ల. వదిన మీద అరిచాను, నీ మీద ఎగిరాను. తప్పు నాది."

వదిన నవ్వు ఆగిపోయింది. నన్ను చూడలేదు. పాలిష్ సీసా మూత బిగించింది. పాలిష్ కోసం ముందుగదిలో ఆనించిన తలుపు దగ్గరికి వెళ్ళి ఉప్పు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. అన్నయ్య ఏదో అనబోతే, "మీరు ఊరుకోండి" అంది. ఆ చప్పుడు ఆగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. అది ఆగలేదు. మేడ ఎక్కి వెళ్ళిపోయాను.

తొమ్మిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టి గిన్నె నా ముందుకు జరిపేది, అంతే. తిట్టినా బాగుండేది, నేనూ ఒక మాట అని తేలికపడేదాన్ని. కిటికీ దగ్గర నా నోరు పడిపోయింది. ఎవరేం అడిగినా నెమ్మదిగా జవాబు చెబుతుంటే, రోజూ వచ్చేవాళ్ళు అనుమానంగా చూశారు. గంటకోసారి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. అన్నయ్య రెండో మోతకే ఎత్తేవాడు. "వదిన మాట్లాడుతుందా?" అని అడిగితే, "తలుపు మూడో పూతలో ఉంది" అనేవాడు. పని మీద ఉన్నప్పుడు పలకరించొద్దని దానర్థం.

పదో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు చేశాను. ఎంగేజ్. ఆ నంబరుకు ఫోన్ చేసేది నేనూ, ఇద్దరు మేస్త్రీలూ. పెట్టేసి మళ్ళీ చేశాను. ఎంగేజ్. నాలుగు నిమిషాలు ఎంగేజ్. మేస్త్రీలు నాలుగు నిమిషాలు మాట్లాడరు. మళ్ళీ చేశాను. ఈసారి మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బొడిపె ఊడిపోయిందా? ఫోను కింద పడిందా? ఆయన పడ్డాడా? లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. సూపర్వైజరు గది వైపు రెండడుగులు వేసి, ల్యాండ్‌లైను మోగుతుందేమోనని వెనక్కి వచ్చాను. కిటికీ అవతల వరస పెరిగిపోతోంది. ఎవరో ఏదో అడుగుతున్నారు. నాకు ఎవరి మాటా చెవికెక్కడం లేదు.

"ఏవండీ, కంటి ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సు ఎన్ని గంటలకు?"

"పైన బోర్డుంది కదండీ, చదువుకోండి!" అని అరిచేశాను. తొమ్మిది రోజుల మంచితనం ఒక్క దెబ్బతో పోయింది.

"నాకు కనబడదమ్మా. అందుకే అడుగుతున్నాను."

తలెత్తి చూస్తే అన్నయ్య. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. పక్కన వదిన, భుజాన సంచీ, ఫోను అందులో అడుగున ఎక్కడో ఉంది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, మోచేతి దాకా పాలిష్ మరకలు అలాగే ఉన్నాయి.

"ఈసారి నేనే ఎత్తానే" అన్నాడు అన్నయ్య. చూపుడువేలు కిటికీ లోపలికి పెట్టి నాకు చూపించాడు. "రెండో మోత కూడా కానివ్వలేదు. మధ్యాహ్నం లోపు రమ్మన్నారు."

నేను ఆ వేలు పట్టుకుని ఏడ్చేశాను. అందరూ చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకున్నాను. "వదినా, ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు సంగతి ఇప్పుడెందుకు?" అంది వదిన. తొమ్మిది రోజుల తర్వాత వినబడిన మొదటి మాట అది. "లే. సెలవు చెప్పి రా. అక్కడ ఫారాలు ఎవరు నింపుతారు? నా వేలిముద్ర కూడా పడదు." సంచీ భుజం మార్చుకుని, "కింద చిన్న అక్షరాలు ఉంటాయి. ఈసారి చదువు" అంది.

రెండో ప్లాట్‌ఫారం, పదీ పది అని చెప్పాను. పదకొండేళ్ళలో మొదటిసారి కిటికీ తలుపు డ్యూటీ మధ్యలో మూసేసి, పక్క సందులోంచి బయటికి పరిగెత్తాను. వదిన అప్పటికే అన్నయ్య తప్పు గుండీ విప్పి సరిచేస్తోంది.